చీనీ తోట అమ్మి అమెరికా పంపాలా?

ప్రశ్న: నార్పల దగ్గర మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. మా వాడికి 22 ఏళ్లు. బీటెక్ కంప్యూటర్స్ అయిపోయి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. అమెరికాలో ఎంఎస్‌కు 40 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. రెండెకరాలు అమ్మి, మిగతా 20 లక్షలకు లోను తీసుకుందామనుకుంటున్నా. జర్మనీలో ఫీజే ఉండదంటున్నారు. ఏది మేలు సార్? మా అన్న కొడుకులిద్దరూ అమెరికాలోనే ఉన్నారు.

జవాబు: అన్నా, మీ అన్న కొడుకుల మాట చివర్లో రాశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అనిపిస్తోంది.

అనంతపురంలో నా దగ్గరికొచ్చే తండ్రుల్లో చాలామంది పొలం పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని తెస్తారు. టేబుల్ మీద పెట్టి, దీని మీద ఎంత పుడుతుంది సార్ అంటారు. విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా పొలాన్ని తనఖా పెట్టుకోవు. బాకీ పడితే ఆస్తి స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఇల్లో, ప్లాటో చూపించమంటారు. అది లేనివాళ్లకు కన్సల్టెన్సీలు చెప్పేది ఒకటే, అమ్మేయండి అని. వాళ్లకేం పోయింది? చీనీ మొక్క కాపుకు రావడానికే ఐదేళ్లు పడుతుంది. ఎండాకాలంలో ట్యాంకర్లతో నీళ్లు తోలి బతికించుకున్న చెట్లు అవి. అమ్మొద్దు.

‘అక్కడ పార్ట్‌టైమ్ చేసి కట్టుకుంటాడు’ అన్న మాట నమ్మి లెక్కలు వేయకండి. అమెరికా స్టూడెంట్ వీసా ఎఫ్-1 మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని, అదీ దొరికితే. బయట దొంగచాటుగా చేస్తే వీసాకే ముప్పు. అద్దెకు డబ్బు చాలక పిల్లోడు ఆ పనికే పోతాడు, మీకు మాత్రం ఫోన్లో బాగున్నానంటాడు. 20 లక్షలకు 11 శాతం చొప్పున ఏడాదికి వడ్డీయే 2 లక్షల 20 వేలు. ఉద్యోగం ఆలస్యమైతే మిగిలిన రెండెకరాల మీద అది తీరుతుందా?

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు 11,904 యూరోలు వేయాలి. మన డబ్బులో 12 లక్షల దాకా. అది ఫీజు కాదు, నెలకు 992 యూరోల చొప్పున మీ వాడి చేతికే వస్తుంది. క్లాసులు ఇంగ్లీషులో ఉన్నా, ఉద్యోగానికి జర్మన్ రావాలి. ప్రైవేటు కాలేజీ చూపించి జర్మనీ అంటే మాత్రం ఒప్పుకోకండి, అక్కడ ఫీజులుంటాయి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతా. వాడికి ఏం చదవాలనుందో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఎలాగోలా పంపేస్తే చుట్టాల నోళ్లు మూతపడతాయనా? ఒక ఏడాది ఆగితే కొంపేం మునగదు, టెన్షన్ పడకండి. బెంగళూరు మనకు బస్సులో నాలుగైదు గంటలు. చిన్న ఉద్యోగమైనా చేస్తూ జర్మన్ నేర్చుకోమనండి, జర్మనీ వీసాకు మన డిగ్రీ అసలైనదేనని చూపించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు పేపర్లు సిద్ధం చేసుకోమనండి. చాలని డబ్బుకు, 7 లక్షల 50 వేల వరకు తనఖా లేకుండా ఇచ్చే విద్యా రుణం గురించి ముందు ప్రభుత్వ బ్యాంకులో అడగండి.

అనంతపురం వచ్చినప్పుడు పాస్‌బుక్కు ఇంట్లోనే పెట్టి, మీ వాడిని వెంటబెట్టుకుని రండి.