ఊరి గ్రూపులో రాజకీయాలు వద్దని రూలు పెట్టి, ఏడాదికి తీసేసిన అనుభవం

మీరు అడిగింది: "మా ఊరి వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌ని. పార్టీల గొడవలతో విసిగిపోయాను. రాజకీయం రాస్తే గ్రూపులోంచి తీసేస్తానని రూలు పెట్టనా?"

పెట్టొద్దండీ. నేను పెట్టాను, అందుకే చెబుతున్నా.

మాది కందుకూరు దగ్గర పొగాకు ఊరు. గ్రూపు మొదలైంది బ్యారన్ పనుల కోసం, అంటే పొగాకు ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గది పనుల కోసం. కట్టె ఎక్కడ దొరుకుతుంది, ఆకు అల్లడానికి కూలీలు ఎవరికి కావాలి, వేలం కేంద్రానికి మన ఊరి బేళ్లు (పొగాకు మూటలు) ఎప్పుడు తోలాలి, ఇవే మాటలు. తర్వాత హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు కూడా చేరారు. రెండొందల మంది దాటాం.

2024 మే 13న ఓట్లు పడ్డాయి, జూన్ 4న లెక్కపెట్టారు. మధ్యలో ఆ ఇరవై రెండు రోజులు మా గ్రూపు తగలబడిపోయింది. వరసకి బావా బావమరుదులైన ఇద్దరు ఒకరినొకరు తిట్టుకుంటూ, చివరికి ఒకాయన రెండో ఆయన చనిపోయిన నాన్న ఫొటోని మార్ఫింగ్ చేసి పెట్టాడు. ఆ నెలలోనే ఆ రెండో ఆయన ఇంట్లో కోడలికి సీమంతం. ఎదురిల్లే అయినా ఫొటో పెట్టినాయన వాళ్లు గడప తొక్కలేదు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు. మిగతా ఇద్దరు అడ్మిన్లతో మాట్లాడి, ఇక రాజకీయం అన్న మాటే వినపడకూడదని రూలు పెట్టేశాం. కొన్ని నెలలు హాయిగా ఉంది, నిజం.

2025లో పొగాకు ధర పడిపోయింది. అంతకు ముందు సంవత్సరం ధర చూసి అందరూ ఎక్కువ వేసి ఉన్నారు. ఒకరోజు మా ఊరి పెద్దాయన, నేను మావా అని పిలిచేవాడు, వేలం కేంద్రం నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. బేళ్లకి నోబిడ్ పడిందని, అంటే కొనేవాడే పాట పాడలేదని, మళ్లీ ట్రాక్టరు బాడుగ ఇచ్చి ఇంటికి తోలుకొస్తున్నానని, గవర్నమెంటు వాళ్లకి మా బాధ పట్టదా అని. గొంతు వణుకుతోంది. అయిదు నిమిషాల్లో ఒకరు రాశారు: "ఇది ప్రభుత్వం మీద విమర్శ. రూలు రూలే కదా." నేను ఆ మెసేజ్ తీసేశాను.

మర్నాడు టీ కొట్టు దగ్గర మావ అడిగాడు: "నా బేలు గురించి నేను చెప్పుకుంటే రాజకీయం ఎట్టా అవుతుందిరా అబ్బాయ్?" ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకో పదకొండు మంది.

ఆ రాత్రి గ్రూపులో పాత మెసేజ్‌లన్నీ పైకి జరుపుకుంటూ చదివాను. అప్పుడు నాకు తెలిసింది అసలు తప్పు. సిమెంటు రోడ్డు పడినప్పుడు నాయకుల ఫొటోలతో వచ్చిన పోస్టులు అన్నీ అట్టాగే ఉన్నాయి. వాటిని మేం వార్త అనుకున్నాం. రోడ్డు పక్కన కాలవ తియ్యలేదని ఒకావిడ పెట్టిన ఫొటో మాత్రం తీసేశాం. అది మాకు రాజకీయంగా కనిపించింది. పొగిడితే సమాచారం, అడిగితే రాజకీయం. పైగా ముగ్గురు అడ్మిన్లం ఆ ఎన్నికల్లో ఒకే గుర్తుకి ఓటేసినవాళ్లం. కావాలని చేసింది కాదు, కానీ జరిగింది అదే. మీరు రూలు పెట్టినా, తీసేసే వేలు మీదే కాబట్టి మీకూ ఇదే జరుగుతుందని నా భయం.

ఇంకో సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా కందుకూరుని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. తర్వాత మళ్లీ ప్రకాశంలోకి తెచ్చారనుకోండి. మాకు ఒంగోలు దగ్గర, నెల్లూరు దూరం. నెల్లూరులో ఉన్నన్నాళ్లు, కలెక్టరాఫీసుకి పోవాలంటే రోజంతా పోతుందని రాయడం రాజకీయమా, ఊరి కష్టమా? రాళ్లపాడు ప్రాజెక్టు నీళ్లు పొలాలకి ఎందుకు వదల్లేదని అడగడం? నా రూలు ప్రకారం రెండూ తీసెయ్యాలి.

మా పిన్నమ్మది వింజమూరు వైపు. ఆమె పలక పట్టుకుని రాత్రి బడికి వెళ్లిన రోజుల్లోనే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న చోటే ఇంట్లో తాగుబోతుల బాధలు చెప్పుకున్నారు. అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ బళ్లో ఎవరైనా "అక్షరాలు తప్ప వేరే మాట వద్దు" అని ఉంటే ఏమయ్యేదో అని పిన్నమ్మతో మాట్లాడినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, రెండు బాణాల గుర్తుతో వచ్చే ఫార్వర్డు, అంటే చాలామంది చేతులు మారి వచ్చింది, ఏ పార్టీదైనా తీసేస్తాం. సొంతంగా రాసిన మాట ఉంచుతాం, ప్రభుత్వాన్ని తిట్టినా సరే. ఇంట్లోవాళ్ల జోలికి, కులం జోలికి వెళ్తే ముందు ఫోన్ చేసి చెబుతాం, వినకపోతే వారం రోజులు బయట. అన్నిటికంటే పనికొచ్చింది, అవతలి పార్టీకి తిరిగే కుర్రాణ్ని కూడా అడ్మిన్‌ని చెయ్యడం. ఆ కుర్రాడూ మా ముగ్గురిలో ఒకరూ ఒప్పుకుంటేనే మెసేజ్ తీస్తాం. ఎన్నికలప్పుడు ఇది ఎంత నిలబడుతుందో ఇంకా చూడాలి.

రక్తదానం గ్రూపో, అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు గ్రూపో అయితే వేరు, అక్కడ ఆ ఒక్క పనే ఉంచండి. సభ్యులు రాసిన దానికి కేసు మీ మీదకొస్తుందని భయపడి రూలు పెడుతుంటే మాత్రం, 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు వేరొకరు పెట్టిన పోస్టుకి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడనే చెప్పాయి.

మావని మళ్లీ చేర్చుకోవడానికి ఇంటికెళ్లి క్షమించమని అడిగాను. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాడు గానీ గ్రూపులోకి రానన్నాడు. పోయిన నెల వాళ్లబ్బాయి చేరాడు. మొదటి మెసేజే వేలం ధర గురించి పెట్టాడు.