మా అమ్మాయి గాలి మీద కవిత రాసింది, భయమేస్తోంది

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. తిత్లీ తుఫానుకి కొబ్బరితోట పోయింది. అప్పులు తీర్చడానికి మా ఆయన చెన్నైలో పనికి వెళ్లారు. రాత్రి ఫోన్ చేస్తే డబ్బు దగ్గరే మాటా మాటా పెరుగుతుంది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి నోట్సులో ఈ కవిత చూశాను:

తిత్లీ వెళ్లిపోయిందన్నారు
మా ఇంట్లో ఇంకా వీస్తోంది
పడిన చెట్లను లెక్క రాసుకున్నారు
నిలబడ్డ అమ్మను ఎవరూ రాయలేదు

మా గుంటకి ఏటైపోయిందో అని టెన్షన్. ఏమైనా చేసుకుంటుందా?

జవాబు: అమ్మా, మీరు రెండో పాదం దగ్గరే ఆగిపోయినట్టున్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటేనాటికి మీ పాప ఐదో తరగతో ఏమో. మొదటి పాదంలోది ఆ గాలే. రెండో పాదంలోది వేరు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. ఆలోగా వడ్డీలు, నాన్న ఊళ్లో లేకపోవడం, పక్కగదిలోకి వినబడే మీ ఫోన్ గొడవలు... తను గాలి అంటున్నది వీటిని. ఇక చివరి పాదం చూడండి. అందులో కష్టం మీది. మీ ఇంట్లో మిమ్మల్ని గమనిస్తున్న మనిషి ఒకరున్నారు. (కవిత బాగుంది కూడా, ఆ మాట తనకి చెప్పండి.)

అలాగని కవిత ఒక్కటే చూసి అంతా బాగుందనీ అనలేం. తిండి, నిద్ర తగ్గాయా, స్నేహితులతో మాట్లాడటం మానేసిందా, బతకాలని లేదంటోందా? అనుమానముంటే ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నోట్సు చూశానని ముందు మీరే చెప్పేయండి. పరీక్షలో లాగ అర్థం చెప్పమనకండి, ‘ఆ చివరి మాట నా గురించేనా’ అనండి చాలు. బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. అప్పు అసలెంతో, నెలకెంత కడుతున్నారో కూడా చెప్పండి. తెలియని అప్పు పిల్లల ఊహలో ఎప్పుడూ పెద్దదే. డబ్బు మాటలు రాత్రిపూట కాకుండా తను కాలేజీకి వెళ్లాక పెట్టుకోమని మీ ఆయనతో అనండి. కవిత ఆయనకి పంపాలా వద్దా అన్నది అమ్మాయినే అడగండి.