పచ్చి చికెన్ పెట్టాక విరేచనాలు: ముందు పచ్చిది ఆపండి

అన్నా, మీ ల్యాబ్రడార్ కుక్క 2 ఏళ్లుగా పెరుగన్నం తిని పెరిగిందన్నారు. దానికి ఆదివారం ఒక్కసారిగా అరకిలో పచ్చి చికెన్ పెడితే విరేచనాలు కాక ఏమవుతాయి? ముందు పచ్చిది ఆపండి. ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. రక్తం పడినా, వాంతులైనా, డీలా పడినా వెంటనే వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుపతిలో ఉండి మనకు ఆ టెన్షన్ ఎందుకు?

కడుపు కుదుటపడ్డాక పాత తిండిలో నాలుగో వంతు తగ్గించి, ఆ మేరకే మాంసం కలపండి. 10 రోజుల్లో మెల్లగా పెంచాలి. ఒట్టి మెత్తటి మాంసమే పెడితే కాల్షియం చాలదు, డాక్టర్‌ని అడిగి సరిచేసుకోండి. లివర్ మంచిదే, కానీ మొత్తంలో 5 శాతం చాలు. ఉడికించిన ఎముకలు మాత్రం అస్సలు వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా బ్యాక్టీరియా చావదు. మన ఎండలకి గిన్నె 20 నిమిషాల్లో తీసేసి సబ్బుతో కడగండి. ఇంట్లో పసిపిల్లలుంటే, నన్నడిగితే, ఉడికించి పెట్టడమే మేలు. మా కుక్కగాడికి నేను అదే పెడుతున్నా, గిన్నె నాకి మరీ తింటాడు.