నోటుకు స్పైరల్ బైండింగ్ చేయిస్తారా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. చిన్నప్పటి స్నేహితుడికి 2023 సెప్టెంబరు 11న ప్రాంసరీ నోటు మీద ఆరు లక్షలు ఇచ్చాను, బ్యాంకు ద్వారానే. మా ఆవిడ గాజులు అమ్మిన డబ్బు అది. మరుసటి ఏడు మార్చిలో ఫోన్‌పేలో యాభై వేలు వేసి ముఖం చాటేశాడు. లీగల్ నోటీసు తీసుకున్నాడు, బదులు లేదు. నేనే సాక్ష్యాలన్నీ పేర్చి 112 పేజీల బైండింగ్ చేయించాను. ఫోటోలు పంపుతున్నాను. వాడి నమ్మకద్రోహం జడ్జి గారికి అర్థమయ్యేలా ఇంకేం చేర్చాలి? ఆ యాభై వేలకు నోటు వెనక చెల్లు (ఇంత కట్టానని అప్పు తీసుకున్నవాడు రాసే రాత) నన్నే రాసేసుకోమంటున్నాడు మా బావమరిది. రాయొచ్చా?

జవాబు: చేర్చడం సంగతి తర్వాత, ముందు తీసేయడం మొదలుపెట్టండి. గాజుల మాట దావాలో అక్కర్లేదు. బైండింగ్‌లో పెట్టిన గృహప్రవేశం ఫోటోలు ఇంట్లోనే ఉంచుకోండి.

మీ కేసును తేల్చేది తేదీ. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు, రాసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. మీకు 2026 సెప్టెంబరు 11తో సరి. నోటీసు ఇచ్చాను కదా అని ధీమాగా ఉన్నట్టున్నారు. నోటీసుతో గడువు ఆగదు. యాభై వేలు వేశాడు కదా అంటారేమో, లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆ చెల్లింపు అతని చేతిరాతలోనో, అతని సంతకమున్న రాతలోనో కనబడాలి. ఫోన్‌పేలో సంతకం ఏది? దాని మీద వాదించుకోవచ్చు గానీ, వాదనను నమ్ముకుని గడువు దాటించుకునేవాణ్ణి నా ఆఫీసులో కూర్చోబెట్టను. మూడేళ్ల లోపలే దావా వేయండి.

బావమరిది సలహా మాత్రం చెవిన పెట్టకండి. అతని పేరున చెల్లు మీరు రాసి సంతకం గీస్తే అది ఫోర్జరీ. సంతకాన్ని నిపుణుడికి పంపమని అవతలి వకీలు ఒక్క పిటిషన్ వేస్తే చాలు, నికరంగా గెలిచే దావాలో మీరే ముద్దాయి అవుతారు. నోటు ముందువైపు అంకె దిద్దినా, తేదీ దిద్దినా అంతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 87 కింద నోటే చెల్లకుండా పోతుంది. అతనే గడువు లోపల బాకీ ఉన్నానని రాసి, సంతకం చేసి ఇస్తే అది వేరు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

ఇక మీ బైండింగ్. అసలు నోటును షాపువాడి చేతికిచ్చి వరసగా చిల్లులు పొడిపించారు! చిల్లు రెవెన్యూ స్టాంపుకు వేలెడు దూరంలో ఆగింది, మీ అదృష్టం. సంతకం స్టాంపు మీదుగానే పోయింది, అదీ మంచిదే. స్టాంపు లేని నోటును జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మూలన ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘ఎగ్జిబిట్ ఏ-1’ అని రాశారు. ఎవరు రాయమన్నారండీ? వాది కాగితాలకు ఏ, ప్రతివాదివాటికి బి అని మన కోర్టుల్లో వాడుక నిజమే. కానీ ఆ నంబరు సాక్ష్యం నడిచేటప్పుడు కోర్టు వేస్తుంది, దావా నంబరుతో, తేదీతో. అప్పటిదాకా మీకుండేది జాబితాలో వరస నంబరు మాత్రమే. బైండింగ్ విప్పించి నోటును విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. లామినేషన్ వద్దు. ఎర్ర రాతను చెరపకండి, చెరిపితే అదింకో అనుమానం.

జాబితాలో నోటు మొదటిది. తర్వాత డబ్బు వెళ్లినట్టు, యాభై వేలు వచ్చినట్టు బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంటు. ఆ తర్వాత నోటీసు ఆఫీసు కాపీ, పోస్టు రసీదు, అందినట్టు సంతకమున్న కార్డు. ఒక్కోదానికి తేదీ, ఎవరు ఎవరికి ఇచ్చారు, అసలా జిరాక్సా అన్నది రాయండి. ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, ఆ విషయం వచ్చిన పేరాలోనే జాబితా నంబరు కనబడాలి. దావాతో పాటు పెట్టని కాగితాన్ని తర్వాత పెట్టాలంటే కోర్టు అనుమతి కావాలి. అందుకోసం ఇంకో పిటిషన్, ఇంకో వాయిదా.

స్క్రీన్‌షాట్లు అరవై ఉన్నాయి. టైము ఉంది, తేదీ లేదు. పైన పేరు ‘మోసగాడు 420’! కోపంలో పేరు మార్చుకున్నారు సరే, ఆ నంబరు ఎవరిదో జడ్జి గారికెలా తెలుస్తుంది? పేరు మామూలుగా మార్చి, నంబరు కనబడేలా పెట్టి, మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి. మీరు తిట్టిన మెసేజీలు కూడా ఉండనివ్వండి. అవి కత్తిరిస్తే మిగతావాటినీ నమ్మరు. ‘ఆరు లక్షలు జనవరిలో సర్దుతా’ అన్న మెసేజీ ఒక్కటే మీకు పనికొచ్చేది, దానికి ముందూ వెనకా ఉన్న పేజీలు చాలు ప్రింటుకు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ప్రకారం ఇలాంటి ప్రింట్లకు సర్టిఫికెట్ జతచేయాలి: ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువతో (ఫైలు మారితే తానూ మారిపోయే కోడ్‌తో) సహా. దానికి ముందున్న పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65-బి సర్టిఫికెట్ లేనిదే ప్రింట్లు చెల్లవని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది. అసలు ఫోనే కోర్టులో పెడితే వేరు.

ఉత్తరం చివర ఇంకో ముక్క రాశారు, ఈ నెల ఫోను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తున్నానని. ఇవ్వకండి. నోటుతో పాటు దాన్నీ తీసుకుని ఈ వారమే మీ వకీలు దగ్గరికి వెళ్లండి. ఛార్జరు కూడా పట్టుకెళ్లండి.