ఐటీఐ చదవకుండా చెన్నైలో ఎలక్ట్రీషియన్ కావాలనుకునేవారికి

పదో తరగతితో చదువు ఆగిపోయిన అబ్బాయిని చెన్నైలో ఎవరైనా ఎలక్ట్రికల్ మేస్త్రీ దగ్గర పనిలో పెడితే బతుకుతెరువు దొరుకుతుందా అని నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. దొరుకుతుంది. ఈ ఊళ్లో సొంతంగా పనులు ఒప్పుకొని పది మందికి ఉపాధి చూపిస్తున్న వైర్‌మెన్లలో కాలేజీ గడప తొక్కనివారు చాలామంది ఉన్నారు. అయితే పని రావడం వేరు, వచ్చినట్టు రుజువు ఉండటం వేరు. చెయ్యి తిరిగిన పనివాడై ఉండి కూడా, చూపించడానికి ఒక్క కాగితం లేక ఇంకొకరి కింద దినకూలీగానే మిగిలిపోయిన మన పిల్లలను ఇక్కడ చూస్తూనే ఉన్నాను కాబట్టి, బండెక్కే ముందే తెలుసుకోవలసిన సంగతులను రాస్తున్నాను.

మొదటి దారి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద చేరడం. ముప్ఫై మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బంది సంఖ్యలో రెండున్నర నుంచి పదిహేను శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని ఆ చట్టం కింది నియమాలు చెబుతున్నాయి. పదో తరగతి సైన్సు, లెక్కలతో పాసైనవారు ఐటీఐ లేకుండానే ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరవచ్చు. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఇలా కొత్తవారిని తీసుకునే సంస్థల్లో ఒకటి. అక్కడ పదో తరగతిలో కనీసం యాభై శాతం మార్కులు అడుగుతారు. 2019లో సవరించిన నియమాల్లో పదో తరగతి పాసైనవారికి నెలకు కనీస భృతిని 6,000 రూపాయలుగా నిర్ణయించారు. చెన్నై అద్దెలకు అది చాలదు, ఇంటి నుంచి కొంత సాయం తప్పదు. శిక్షణ ముగియగానే ఉద్యోగం ఖాయమనీ అనుకోకూడదు. కానీ చివర పరీక్ష పాసైతే చేతికొచ్చే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది, కాబట్టి అర్హత ఉన్నవారు ముందుగా ఈ దారినే ప్రయత్నించాలని నా గట్టి అభిప్రాయం.

పది తప్పినవారికి, లేదా ఎనిమిదితోనే ఆగినవారికి రెండో దారి ఉంది, మనవాళ్లలో ఎక్కువమంది నడిచేది కూడా అదే. మేస్త్రీ దగ్గర చేరి, పని చేస్తూ నేర్చుకొని, తమిళనాడు ప్రభుత్వం నిర్వహించే వైర్‌మ్యాన్ హెల్పర్ అర్హత పరీక్ష రాయడం. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, వైరింగ్ పనిలో ఐదేళ్ల అనుభవం ఉన్నవారు ఈ పరీక్షకు కూర్చోవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు. ఆ సర్టిఫికెట్ తొలి మెట్టు మాత్రమే, వైర్‌మ్యాన్, సూపర్‌వైజర్ యోగ్యతా పత్రాలు ఆ తరువాత వస్తాయి. ఆ ఐదేళ్ల అనుభవాన్ని కాగితం మీద చూపించవలసి వచ్చినప్పుడే చిక్కంతా మొదలవుతుంది. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు మారి, అందరి దగ్గరా రోజుకూలి నగదుగా తీసుకొని, ఎక్కడా పేరు నమోదు కానివాడికి ఎవరు సాక్ష్యం చెబుతారు? అందుచేత లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు దగ్గరే చేరండి. కూలి బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. పని మానేటప్పుడు చేరిన తేదీ, మానిన తేదీ రాసి ఉన్న ఉత్తరం, ఆయన సంతకంతో, లైసెన్సు నంబరుతో తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి, ఇచ్చే మనసున్న కాంట్రాక్టరు దాన్ని తప్పుగా తీసుకోడు.

నేర్చుకునే క్రమం గురించి కొంత చెప్పాలి. మొదటి నెలల్లో ఎవరూ చేతికి వైరు ఇవ్వరు. గోడకు గాడి కొట్టడం, పైపులు మోయడం, స్లాబు పోసే ముందు కమ్మీల మధ్య పైపులు పరిచి కట్టడం, ఫ్యాను బాక్సుల్లోకి సిమెంటు పాలు దిగకుండా కాగితాలు కుక్కి మూయడం, ఇవే పనులు. చిన్నపనిగా కనిపించినా ఇందులో చదువుంది. స్లాబులో పైపు ఒక్కచోట నలిగినా, బాక్సులో సిమెంటు గడ్డకట్టినా, మూడు నెలల తరువాత వైరు లాగడానికి పైపులోకి దూర్చే స్ప్రింగు అక్కడే ఆగిపోతుంది, మళ్లీ కాంక్రీటు పగలగొట్టవలసిందే. ఆ తరువాత వైరు లాగడం, బోర్డులు కట్టడం, చివరికి డీబీ, అంటే ఇంటి లైన్లన్నిటికీ కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు, వస్తాయి. లైట్లకు ఒకటిన్నర చదరపు ఎంఎం, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి నాలుగు చదరపు ఎంఎం వైరు వాడటం రెండు వారాల్లో నోటికి వస్తుంది. ఎందుకు వాడాలో, ఏ వైరుకు ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే స్విచ్చి) పెట్టాలో మాత్రం అడిగి తెలుసుకోవాలి. అడిగితే విసుక్కునే మేస్త్రీ దగ్గర రెండేళ్లు వృథా చేసుకోవద్దు.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉంది. మెయిన్ ఆపాం కదా అని తీగ పట్టుకోవద్దు. టెస్టు ల్యాంపును ముందు కరెంటు ఉన్న పాయింటులో పెట్టి వెలుగుతుందో లేదో చూడాలి, తరువాత పనిచేయబోయే తీగల మీద ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య విడివిడిగా పెట్టి చూడాలి, ఆపైన తిరిగి కరెంటు ఉన్న పాయింటులో పెట్టి ల్యాంపు మధ్యలో చెడిపోలేదని నిర్ధారించుకోవాలి. జేబులో పెట్టుకునే టెస్టరును మాత్రమే నమ్ముకొని ప్రాణం పోగొట్టుకోవద్దు. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో దాని లైను వేరుగా ఉంటుంది, మెయిన్ ఆపినా అందులో కరెంటు నడుస్తూనే ఉంటుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు. నేల అంతస్తులో నీళ్లు నిలిచిన ఇంటికి పిలుపు వస్తే, నీటిలో నిలబడి బోర్డు తెరవద్దు. వీధి పక్కన ఉండే పిల్లరు బాక్సులను, అంటే ఇళ్లకు కరెంటు పంచే పెట్టెలను, విద్యుత్ బోర్డు సిబ్బంది తప్ప మరెవ్వరూ ముట్టకూడదు. ఆపు, వేయి, ముట్టుకోకు అని సైటులో అరిస్తే వెంటనే అర్థమయ్యేంత తమిళం మొదటి వారంలోనే నేర్చుకోవాలి.

పద్దెనిమిది ఏళ్లు నిండి, గడిచిన ఏడాదిలో తొంభై రోజులు భవన నిర్మాణ పని చేసినవారు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎలక్ట్రీషియన్లూ ఆ జాబితాలోకి వస్తారు. దానికీ పనిచేసిన రోజుల రుజువే అడుగుతారు కనుక, రోజువారీ పనిని ఒక నోటుపుస్తకంలో తేదీ, సైటు, చేసిన పని చొప్పున రాసి, నెలకోసారి కాంట్రాక్టరు చేత సంతకం పెట్టించుకోవడం అలవాటు చేసుకోండి.

చేరబోయే కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడో కాదో ముందే తేల్చుకోవాలి. లైసెన్సు నకలు చూపించమని అడిగి, నంబరు, గడువు తేదీ రాసుకోండి. అనుమానం ఉంటే గిండీలోని తిరు వి. క. పారిశ్రామికవాడలో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు కార్యాలయం ఉంది, వెళ్లి విచారించవచ్చు. పరీక్ష ప్రకటన ఎప్పుడు వస్తుందో, దరఖాస్తుకు ఏ పత్రాలు జతచేయాలో మాత్రం దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐలో అడగండి.