క్యూఎన్‌హెచ్ పెట్టే ముందు

అమ్మలూ,

హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకునేదానికి సముద్ర మట్టంతో పనేంటి పెదనాన్నా అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు కాబట్టి రాస్తున్నాను. టవర్‌లో కూర్చుని పైలట్లకు నేను చెప్పిన అంకెల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది క్యూఎన్‌హెచ్చే, అంటే సముద్ర మట్టం దగ్గరి లెక్కకు వచ్చే గాలి ఒత్తిడి. అందుకే దాని విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. కాస్త సాగదీసినా ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి గుర్తుంచుకో. విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్‌కు నిజానికి ఎత్తు తెలియదు. దానికి తెలిసిందల్లా గాలి ఒత్తిడి. లోపల గాలి తీసేసి మూసిన పల్చటి డబ్బాలుంటాయి. పైకి వెళ్లేకొద్దీ బయట ఒత్తిడి తగ్గి అవి ఉబ్బుతాయి, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. నేలకు దగ్గర్లో సుమారు 27 అడుగులకు ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. లెక్కకు తేలికని చాలామంది 30 అనుకుంటారు. కానీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో దానికి నువ్వే చెప్పాలి. నాబ్ తిప్పి ఆ చిన్న కిటికీలో పెట్టే అంకె అందుకే. క్యూఎన్‌హెచ్ పెట్టావంటే, సముద్ర మట్టం దగ్గర ఇవాళ ఒత్తిడి ఇంత, అక్కడి నుంచి లెక్కపెట్టు అని చెప్పినట్టు.

అక్కడి నుంచే ఎందుకు? కొండలు, సెల్ టవర్లు, రన్‌వేలు, చార్ట్‌లో, అంటే పైలట్లు వాడే మ్యాపులో ఉన్నవన్నీ అక్కడి నుంచే కొలిచారు కాబట్టి. మన దేశంలో ఎత్తులకు ఆధారమైన మట్టాన్ని 1909లో ఖరారు చేశారు. సముద్రపు ఆటుపోట్లను ఏళ్ల తరబడి నమోదు చేసిన తొమ్మిది రేవుల సగటు అది. అందులో మన విశాఖపట్నం కూడా ఒకటి. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు కింద సముద్ర మట్టం నుంచి ఇన్ని మీటర్లు అని రాసి ఉంటుంది చూడు, ఆ లెక్కే. చార్ట్‌కూ నీ ముల్లుకూ సున్నా ఒక్కటే అయితే తీసివేత చేస్తే చాలు, కొండకు నీకూ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

ఎవరి రన్‌వే వాళ్లకు సున్నా అనుకుంటే ఏమవుతుందో హైదరాబాద్‌లోనే చూడొచ్చు. శంషాబాద్ ఎత్తు 2,024 అడుగులు, బేగంపేటది 1,742. ఒకే ఊరు, 282 అడుగుల తేడా. రెండు చోట్ల నుంచి బయల్దేరిన ఇద్దరు పైలట్లు తమ తమ నేలను సున్నా చేసుకుంటే, ముళ్లు వేర్వేరు అంకెలు చూపిస్తూనే ఇద్దరూ ఒకే ఎత్తులో ఎదురుపడొచ్చు. నేలను సున్నాగా చూపించే క్యూఎఫ్‌ఈ అనే సెట్టింగ్ ఉన్నమాట నిజమే. మన దక్కన్‌లో దాన్ని వాడాలన్నా చిక్కే. శంషాబాద్ నేల మీద ఒత్తిడి మామూలుగా 940 చుట్టుపక్కల ఉంటుంది, చాలా చిన్న విమానాల కిటికీలో అంకెలు 948 దగ్గరే ఆగిపోతాయి. ఇక లేహ్ 10,682 అడుగుల మీద ఉంది, అక్కడ ఆ ఊసే వద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. ఇంజిన్ స్టార్ట్ చేశాక క్యూఎన్‌హెచ్ పెట్టి, ముల్లు ఏం చూపిస్తోందో చూడు. విమానాశ్రయం ఎత్తుకు దగ్గరగా ఉండాలి. అచ్చులో ఉండే ఎత్తు రన్‌వేలో అన్నిటికన్నా ఎత్తయిన చోటిది, నువ్వు విమానం నిలిపి ఉంచిన ఏప్రాన్ కొంచెం కిందకు ఉండొచ్చు. ఎంత తేడా వరకు పర్వాలేదో మీ మాన్యువల్‌లో చూసి పెట్టుకో. అంతకు మించితే ఎగరొద్దు. ఇన్‌స్ట్రక్టర్ తొందరపెట్టినా సరే.

గాల్లో ఈ సౌకర్యం ఉండదు. అక్కడ రేడియోలో వచ్చే అంకే నీకు ఆధారం. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో ఏం జరిగిందో తీరిగ్గా చదువు, దర్యాప్తు నివేదిక దొరుకుతుంది. అసలు క్యూఎన్‌హెచ్ 1001. కంట్రోలర్ 1011 అన్నారు. పైలట్లు అదే తిరిగి చెప్పి, అదే పెట్టారు. పది హెక్టోపాస్కళ్లంటే సుమారు 280 అడుగులు. ముల్లు చూస్తే అంతా సవ్యంగా ఉంది. విమానం మాత్రం అన్ని అడుగుల కిందుగా దిగుతోంది. ఆ అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగే క్రమంలో, నిలువు దారి కూడా ఆల్టిమీటర్ లెక్క మీదే నడుస్తుంది కాబట్టి కాక్‌పిట్‌లో ఏదీ తేడాగా కనబడలేదు. రన్‌వే కనిపించక గో అరౌండ్ చేశారు, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేపారు. ఆ క్రమంలో విమానం నేలకు ఆరు అడుగుల దాకా వచ్చింది, రన్‌వే ఇంకా ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉండగా. రెండోసారీ అదే తప్పు సెట్టింగ్‌తో దిగారు, అయితే ఈసారి రన్‌వే కనబడి సరిచేసుకున్నారు.

నేను కంట్రోలర్‌ని కాబట్టి చెబుతున్నాను: మా నోట వచ్చిందల్లా నిజం అనుకోకు. తిరిగి చదివితే నువ్వు సరిగ్గా విన్నావని తెలుస్తుంది, మేం సరిగ్గా చెప్పామని కాదు. ఏటిస్‌లో (విమానాశ్రయం వాతావరణ వివరాలను రికార్డు చేసి వినిపించే ప్రసారంలో) విన్న అంకెను మోకాలి మీది కాగితంపై రాసుకో. రేడియోలో వచ్చినదానికీ దానికీ ఒకటి రెండుకు మించి తేడా ఉంటే అడుగు. ‘కన్‌ఫర్మ్ క్యూఎన్‌హెచ్’ అన్నందుకు ఎవరూ విసుక్కోరు. విసుక్కుంటే విసుక్కోనీ.

రేపు అమెరికా వెళ్లి ఎగిరే గంటలు పూర్తి చేస్తానంటున్నావు. అక్కడ ఒత్తిడికి పాదరసం అంగుళాల లెక్క, 29.92 మన 1013తో సమానం. హడావుడిలో ‘నైన్ నైన్ టూ’ అన్నప్పుడు అది 992 హెక్టోపాస్కళ్లా, 29.92 అంగుళాలా అని తికమకపడి ఆరు వందల అడుగుల దాకా తేడా తెచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకే బ్రిటన్‌లో వెయ్యికి తక్కువైతే వెనకే ‘హెక్టోపాస్కల్స్’ అనడం రివాజు. నువ్వూ అలవాటు చేసుకో.

పైకి వెళ్లాక అందరూ 1013 పెడతారు, దాన్ని స్టాండర్డ్ అంటారు. అప్పుడు చూపేది అసలు సముద్రం నుంచి ఎత్తు కాదు, అందరూ ఒప్పుకున్న ఒక ఊహా మట్టం నుంచి. అంత ఎత్తున కొండల భయం తక్కువ, పక్క విమానంతో దూరమే ముఖ్యం. అందరికీ తప్పు ఒకేలా ఉంటే దూరం సరిగ్గానే ఉంటుంది. ఎక్కడ మార్చాలన్నది అమెరికాలో 18,000 అడుగులని దేశమంతా ఒకటే. మన దగ్గర విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది, చార్ట్ చూసుకోవాల్సిందే.

దిగేటప్పుడు మళ్లీ క్యూఎన్‌హెచ్‌కు మార్చడం మర్చిపోతే? ఇది పుస్తకాల్లో మన ఊళ్లకు తగ్గట్టు ఉండదు, నేను చెబుతాను. జూన్, జులైలలో మన దగ్గర క్యూఎన్‌హెచ్ చాలా రోజులు వెయ్యి చుట్టుపక్కలే ఉంటుంది. అంటే వానాకాలంలో మర్చిపోయిన పైలట్ ముల్లు చూపేదానికన్నా కిందే ఉంటాడు, అదీ మబ్బు పట్టి రన్‌వే కనబడని రోజుల్లో. తుపాను వస్తే ఇక చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ మీదకు వచ్చినప్పుడు కేంద్రంలో ఒత్తిడి 950 దాకా పడిపోయింది. స్టాండర్డ్ పెట్టిన ఆల్టిమీటర్‌ని ఆ తుపాను కన్నులో బీచ్ మీద ఉంచితే దాదాపు 1,700 అడుగులు చూపించేది.

చలి కూడా ముల్లును మోసం చేస్తుంది. చల్లటి గాలిలో చూపించేదానికన్నా నువ్వు కిందుంటావు. మన ఎండల్లో దానికి ఉల్టా కాబట్టి ఇప్పుడు దాని టెన్షన్ వద్దు, శీతల దేశాలకు వెళ్లినప్పుడు చదువుకో.

ఫోన్ జీపీఎస్‌తో ఆల్టిమీటర్‌ని సరిచూడొద్దు. జీపీఎస్ మొదట కొలిచేది భూమికి గీసిన, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుండే ఒక నున్నటి బంతి ఆకారం నుంచి. మన దేశం దగ్గర అసలు సముద్ర మట్టం దానికన్నా బాగా కిందుంటుంది. హైదరాబాద్ ప్రాంతంలో 70 మీటర్లకు పైనే. కొన్ని యాప్‌లు ఆ తేడా సరిచేసి చూపిస్తాయి, కొన్ని చూపించవు. ఏది ఏ రకమో గాల్లో తేల్చుకునే తీరిక నీకు ఉండదు.

మొదటి క్రాస్‌కంట్రీ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూరం ఎగిరే) రూటు ఖరారయ్యాక చార్ట్ ఫొటో పంపు. దారిలో ఉన్న టవర్ల ఎత్తులు, నువ్వు పెట్టుకున్న ఎత్తు ఇద్దరం కలిసి చూద్దాం. మీ నాన్నకు చెప్పు, ఆదివారం ఫోన్ చేస్తానని.

ఇట్లు
పెదనాన్న