ఒరెగాన్‌లో చదువు, హవాయి క్లబ్: ఒక తండ్రి సందేహం

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా హొనొలులులో ఉంటున్నాము. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయికి అమెరికా ప్రధాన భూభాగంలో, ఒరెగాన్ రాష్ట్రంలోని ఫారెస్ట్ గ్రోవ్‌లో, పసిఫిక్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. వెళ్లగానే అక్కడి హవాయి విద్యార్థుల క్లబ్‌లో చేరి హవాయి సంప్రదాయ నృత్యమైన హులా నేర్చుకుంటానంటోంది. కంప్యూటర్ సైన్స్ చదవవలసిన పిల్లకు ఇవన్నీ అవసరమా? ఇక్కడే హొనొలులులో, మనోవాలోని హవాయి యూనివర్సిటీలోనే చేర్పించడం మేలా?

జవాబు: మీరు అడిగింది రెండు కాలేజీల గురించే అయినా, అమ్మాయి అంత దూరంలో ఒంటరిదై చదువులో వెనకబడుతుందేమోనన్నదే మీ అసలు భయమని నాకు అనిపిస్తోంది. ఆ భయానికి మందుగా పనికొచ్చే క్లబ్‌నే మీరు వద్దంటున్నారు.

హవాయి పిల్లలకు కష్టకాలం మొదటి సెప్టెంబరు కాదు, నవంబరు. ఒరెగాన్‌లో ఆ నెలంతా ముసురు పట్టి ఉంటుంది, సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. థాంక్స్‌గివింగ్ నాలుగు రోజుల సెలవులకు తోటివాళ్లు కారులో ఇంటికి వెళ్లిపోతారు. మీ అమ్మాయికి ఇల్లు ఆరు గంటల విమాన ప్రయాణం. అప్పుడు గది బయట చెప్పులు విడిచి లోపలికొచ్చి, కలిసి అన్నం వండుకుని, స్పామ్ ముసుబి (అన్నం ముద్దపై డబ్బా మాంసం ముక్క పెట్టి చుట్టే హవాయి చిరుతిండి) చుట్టుకు తినే నలుగురు ఉంటే పిల్ల నిలదొక్కుకుంటుంది. ఏ అధ్యాపకుణ్ణి ఎప్పుడు కలవాలో, వానకోటు ఎలాంటిది కొనాలో చెప్పేదీ ఆ సీనియర్లే. పసిఫిక్‌లో 60 ఏళ్లకు పైగా ఈ క్లబ్ ఏటా వసంతంలో లూఆవ్ (ఆటపాటలతో కూడిన హవాయి విందు) జరుపుతోంది. దానికి హవాయిలోని తల్లిదండ్రులు పూలు పంపుతారు, కొందరు స్వయంగా వెళ్లి వంటలో చేయి వేస్తారు. మీరూ వెళ్లవచ్చు.

మనం స్థానిక హవాయియులం కాదు కదా అన్న సంకోచం ఉంటే, క్లబ్ అందరినీ చేర్చుకుంటుంది. అయితే 19వ శతాబ్దంలో మిషనరీల ప్రభావంతో ఆంక్షలకు గురై, హవాయి రాజు కలాకౌవా ఆదరణతో మళ్లీ వేదికెక్కిన కళ హులా. దాన్ని కాలక్షేపంగా కాక, శిష్యురాలిగా వినయంతో నేర్చుకోవాలని అమ్మాయికి చెప్పండి. సాధన నెలల తరబడి సాగుతుంది కాబట్టి మొదటి ఏడాది లూఆవ్‌లో ఒక్క నృత్యానికే పేరు ఇస్తే చదువుకు ఇబ్బంది ఉండదు.

ఇక కంప్యూటర్ సైన్స్ సంగతి. అమ్మాయికి ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు, ఇది నాకు నచ్చలేదు. మనవాళ్లందరూ చదివిస్తున్నారన్నది కారణం కాదు. 2022 చివరి నుంచి పెద్ద టెక్ సంస్థలు వేల మందిని తొలగించాయి. డిగ్రీతోనే ఉద్యోగం చేతికొచ్చే రోజులు కావివి. లెక్కలూ ప్రోగ్రామింగూ ఇష్టపడే పిల్లకు ఆ దారి ఇప్పటికీ మంచిదే, ఇష్టం లేని పిల్లను అందులోకి నెట్టడాన్ని మాత్రం నేను సమర్థించలేను. పసిఫిక్‌కు ఫిజికల్ థెరపీ, ఆప్టోమెట్రీ (కంటి పరీక్షల విద్య) వంటి ఆరోగ్య శాస్త్రాల్లో మంచి పేరుంది. ఒకసారి వాటి గురించీ అడిగి చూడండి.

మనోవా మంచి యూనివర్సిటీ, హవాయి నివాసులకు ఫీజు చాలా తక్కువ. పసిఫిక్ ప్రైవేటు సంస్థ కనుక స్కాలర్‌షిప్ పోగా నాలుగేళ్లకు మీ చేతి నుంచి ఎంత పోతుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. భారీగా అప్పు చేయవలసి వస్తే మనోవాలోనే చేర్పించండి, అందులో చిన్నతనమేమీ లేదు. ఆ లెక్క మాత్రం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వేయండి.